భవనం, తోట ఒకే పటంలో గీద్దాం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి వక్ఫ్‌గా అందిన రెండెకరాల పది గుంటల స్థలం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. అందులో దవాఖానా, కుట్టు శిక్షణ కేంద్రం, గ్రంథాలయం, సమావేశ మందిరం, నమాజు హాలు కట్టాలని, రోడ్డు వైపు పన్నెండు ముల్గీలు వేసి అద్దెకివ్వాలని సంకల్పించారు. చుట్టూ బస్తీ జనం వచ్చి కూర్చునేలా ఒక తోట కూడా ఉండాలన్నారు. చాలా మంచి ఆలోచన. అయితే గత నెలలో మీకందరికీ పంచిన పటం చూశాను. అందులో ప్రతి గదికీ కొలత ఉంది, ప్రతి ముల్గీకీ నంబరు ఉంది. తోట ఉండాల్సిన చోట మాత్రం ఆకుపచ్చ రంగు పూసి వదిలేశారు. కట్టడాలు పూర్తయ్యాక మిగిలిన జాగాలో మొక్కలు నాటుదామన్నది దాని అర్థం.

నేను ఈ రోజు ఒక్క విషయమే విన్నవించుకుంటాను. భవనాన్నీ తోటనూ ఒకే రోజు, ఒకే పటంలో గీయాలి. కప్పు మీది నీరు ఎటు పోతుందో, మధ్యాహ్నం ఎండ ఏ గోడను కాలుస్తుందో, జుమాకు ఎక్కువమంది వస్తే ఎక్కడ నిలబడతారో, ఇవన్నీ గోడలూ చెట్లూ కలిసి తీర్చవలసిన అవసరాలు. విడివిడిగా గీస్తే రెండింటి ఖర్చూ పెరుగుతుంది, రెండూ సగమే పనిచేస్తాయి.

ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. స్పెయిన్‌లోని కొర్దోబాలో ఎనిమిదో శతాబ్దం చివర మొదలైన పెద్ద మసీదును గుర్తు చేసుకోండి. ఇప్పుడది చర్చి అయింది గాని, దాని ముందున్న సహన్ అలాగే ఉంది. లోపల స్తంభాలు వరుసలు తీరి నిలబడినట్టే బయట చెట్లు వరుసలు తీరి ఉంటాయి. ఇప్పుడున్నవి నారింజ చెట్లు. చెట్టు నుంచి చెట్టుకు నేలలో సన్నటి కాలువలున్నాయి. పదో శతాబ్దంలో ఆ సహన్ కింద పెద్ద తొట్టి కట్టి వాన నీళ్ళను నిల్వ చేశారు. కప్పు, నేల, తొట్టి, చెట్టు, ఈ నాలుగూ కలిసి ఒకే ఏర్పాటుగా పనిచేశాయి. ఎండలో నడిచి వచ్చినవాడు ముందు చెట్ల నీడలోకి, అక్కడి నుంచి స్తంభాల నీడలోకి అడుగుపెట్టేవాడు.

కైరో అనుభవం

మన కాలంలో ఇలాంటి పని పెద్ద ఎత్తున జరిగింది ఈజిప్టు రాజధాని కైరోలో. అక్కడి అల్ అజ్‌హర్ పార్కు కథ దాతలుగా మీరు తప్పక తెలుసుకోవలసినది.

పాత కైరో నగరం అంచున దాదాపు ఐదు వందల ఏళ్ళుగా ఊరి చెత్త, కూలిన ఇళ్ళ మట్టి పోస్తూ వచ్చారు. అది గుట్టలుగా పెరిగిపోయింది. 12వ శతాబ్దంలో సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో లేచిన నగర ప్రాకారం ఆ చెత్త కింద కప్పడిపోయింది. గుట్టల పక్కనే దర్బ్ అల్ అహ్మర్ అనే పేద బస్తీ. 1984లో ఆగాఖాన్ ఈ స్థలంలో నగర ప్రజలకు ఒక ఉద్యానవనం కానుకగా ఇస్తానని ప్రకటించారు. అది జనం కోసం తెరుచుకున్నది 2005లో. మధ్యలో ఇరవై ఏళ్ళు గడిచాయి. విస్తీర్ణం 30 హెక్టార్లు, అంటే మన లెక్కలో 74 ఎకరాలు. ఖర్చు సుమారు 3 కోట్ల డాలర్లు.

ఇంతకాలం ఎందుకు పట్టిందంటే, ఆ నేలలోనే అనేక చిక్కులున్నాయి. నగరానికి తాగునీరిచ్చే మూడు భారీ ట్యాంకులను ప్రభుత్వం అక్కడే కట్టాలని నిర్ణయించింది. ఒక్కొక్కటి 80 మీటర్ల వ్యాసం. తోట వాళ్ళు ఆ ట్యాంకులను అడ్డంకిగా చూసి పక్కకు తప్పుకోలేదు. వాటిని నేల వాలులో కలిపేసి, తోటను వాటి చుట్టూ, వాటి పైన తీర్చిదిద్దారు. పార్కులో తిరిగేవారికి అక్కడ అంత పెద్ద నీటి ట్యాంకులున్నాయని చెబితే గాని తెలియదు. చెత్త గుట్టలోని మట్టి ఉప్పు మట్టి. కాబట్టి లక్షల ఘనమీటర్ల మట్టిని కదిలించి, మంచి మట్టి కలిపి, మొక్కల కోసం విడిగా నర్సరీలు పెంచి, ఏ మొక్క ఆ నేలలో బతుకుతుందో ముందే పరీక్షించి చూశారు. కైరోలో ఏడాదికి పడే వాన పాతిక మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అటువంటి చోట మొక్క నాటడమంటే దాని జీవితకాలానికీ నీటి పూచీ తీసుకోవడమే.

రూపకల్పన చేసిన మాహిర్ స్తీనో బృందం మొత్తం స్థలానికి వెన్నెముకలా ఒక పొడవైన బాట వేసింది. ఉత్తరపు కొండ మీద భోజనశాల, దక్షిణాన చెరువు గట్టున పలహారశాల. రెండింటినీ కలిపే ఆ బాటకు ఇరువైపులా తాటి జాతి చెట్లు, మధ్యలో నీటి కాలువ. బాటలో నడుస్తుంటే ఎదురుగా కైరో కోట కనబడుతుంది. భోజనశాలను పాత కైరో నిర్మాణ శైలిలో తోరణాలతో కట్టారు. చెరువు గట్టు కట్టడం నీటి మీదికి వాలి తేలికగా ఉంటుంది. నీరు ఎక్కువ తాగే పూలమొక్కలు, పచ్చిక జనం గుమిగూడే బాట దగ్గరే ఉంచారు. ఎండిన పడమటి వాలు మీద తక్కువ నీటితో బతికే మొండి మొక్కలు పెట్టారు. ఏ మొక్క ఎక్కడ అన్నది నీటి ఖర్చును చూసే తేల్చారు.

పక్క బస్తీ గురించి కూడా చెప్పాలి. మట్టి తవ్వుతున్నప్పుడు దాదాపు కిలోమీటరున్నర పొడవున పాత ప్రాకారం బయటపడింది. దాన్ని బాగుచేసే పనిలో దర్బ్ అల్ అహ్మర్ యువకులకు రాతిపని, వడ్రంగం నేర్పారు. అక్కడి ఇళ్ళు, మసీదులు బాగుచేశారు, చిన్న రుణాలిచ్చారు. తోటలో పనికి స్థానికులను తీసుకున్నారు. పార్కు పటంలో బస్తీ వైపు నుంచి కూడా ద్వారాలు పెట్టారు. గొప్ప తోట వేసి, గోడ అవతలి మనిషికి వీపు చూపించకూడదన్న వివేకం అది.

దాతలు ముఖ్యంగా గమనించవలసినది మరొకటుంది. ఆ పార్కు నిర్వహణ ఖర్చు ప్రవేశ రుసుము నుంచి, లోపలి భోజనశాలల రాబడి నుంచి వచ్చేలా మొదటి నుంచే ఏర్పాటు చేశారు. అక్కడ భవనం తోటను పోషిస్తుంది, తోట చూడటానికి వచ్చిన జనం భవనాన్ని పోషిస్తారు.

మన గోల్కొండ

కైరో దూరమనుకుంటే గోల్కొండకు రండి. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం 106 ఎకరాలు. ఎత్తైన వేదికల మీద గుమ్మటాలు, మధ్యలో మసీదులు, హమామ్, చుట్టూ తోటలు, తోటలకు నీరిచ్చే మెట్లబావులు. కట్టినవారు బావిని తోటకూ గుమ్మటానికీ తోడుగా, ఆ వరుసలోనే గీసుకున్నారు. తరువాతి కాలంలో బావులు పూడిపోయాయి, తోటలు ఎండిపోయాయి. 2013 వానలకు బడీ బావోలీ గోడ ఒక పక్క కూలిపోయింది. ఆ ఏడాదే మొదలైన పునరుద్ధరణలో రాతి గోడలతోపాటు బావులనూ పూడిక తీసి నిలబెట్టారు. అక్కడ చేరే వాన నీరు తిరిగి తోటకే ఉపయోగపడుతోంది. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. 2024 జులైలో ఆ ప్రాంగణాన్ని వారసత్వ ఉద్యానవనంగా ప్రజలకు అంకితం చేశారు. వీలైతే మన కమిటీ సభ్యులంతా ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి, గుమ్మటాలను చూసినంత శ్రద్ధగా నీటి దారులను కూడా చూసి రావాలని నా మనవి.

ఇక మన స్థలం

ఇప్పుడు మన రెండెకరాల పది గుంటలకు వద్దాం. తూర్పున రోడ్డు, పడమర బస్తీ. నేల ఉత్తరానికి వాలింది. ఆ మూలన పాత బావి ఉంది. లోపల రెండు వేపలు, ఒక పెద్ద చింత ఉన్నాయి. ఇప్పటి పటం ప్రకారం బావి మీద పలక వేసి మూసేస్తారు. జనరేటరు గది కోసం చింత కొట్టేస్తారు. ఈ రెంటినీ దయచేసి ఆపండి. ఆ చింత వయసు మనలో ఎవరి వయసు కన్నా ఎక్కువ. ఎంత చందా పోగుచేసినా అంత నీడను కొనలేం. జనరేటరు గదిని ఇరవై అడుగులు జరిపితే సరిపోతుంది.

మొదట నీటి లెక్క చూద్దాం. మన కట్టడాల కప్పులన్నీ కలిపి సుమారు 12,000 చదరపు అడుగులు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుని, నూటికి ఇరవై వంతులు ఆవిరికీ వృథాకూ పోయినా, కప్పుల మీద నుంచే ఏడు లక్షల లీటర్లు వస్తాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెబితే 140 ట్యాంకర్లు. ఇప్పటి పటంలో ఆ నీరంతా గొట్టాల ద్వారా రోడ్డు కాలువలోకి పోతోంది. వాలు ఎలాగూ ఉత్తరానికే ఉంది కాబట్టి 50,000 లీటర్ల సంపు ఒకటి కట్టి, మిగిలిన నీటిని ఇసుక, కంకర వడపోత గుండా పాత బావిలోకి మళ్ళిద్దాం. ఈ గొట్టాల దారి కప్పు పోయకముందే తేలాలి. స్లాబు పడ్డాక మారిస్తే ఖర్చు రెట్టింపవుతుంది.

తరువాత వజూ నీళ్ళు. కుళాయి విప్పి వజూ చేస్తే మనిషికి నాలుగైదు లీటర్లు పోతాయి. జుమా రోజు రెండు వందల మంది అంటే దాదాపు వెయ్యి లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్‌తో, అంటే లీటరు కూడా లేని నీటితో వజూ చేసుకునేవారని మనకు తెలుసు. పొదుపు మనం నేర్చుకోవాల్సిందే. పారే ఆ కాస్త నీటిని కూడా మరుగుదొడ్ల గొట్టంలో కలపకుండా వేరే కాలువ వేస్తే నేరుగా చెట్ల పాదుల్లోకి వెళుతుంది. సబ్బు కలవని నీరు గనక చెట్లకు హాని లేదు. వజూఖానా ఎక్కడ కట్టాలన్నది కూడా అందుకే తోటతో కలిపి ఆలోచించాలి.

మూడోది ఎండ. మన ప్రాంతంలో ఖిబ్లా దాదాపు పడమర, కాస్త ఉత్తరానికి. నమాజు హాలులో ఖిబ్లా గోడ పడమటి గోడే అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు అస్తమించేది కూడా సరిగ్గా ఆ వైపే. జుహ్ర్ దాటినప్పటి నుంచి మగ్రిబ్ దాకా ఆ గోడ కాగుతూనే ఉంటుంది. అస్ర్‌కు ముందు సఫ్‌లో నిలబడినవారికి పొయ్యి ఎదుట ఉన్నట్టుంటుంది. దానికి ఏసీలు పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. నేనంటాను, ఆ గోడకు 15 అడుగుల ఎడంగా కానుగ చెట్లు ఒక వరుస, వాటి వెనక వేపలు ఒక వరుస నాటండి. కానుగ నీడ ఎంత చిక్కగా, చల్లగా ఉంటుందో మీకు తెలుసు. భవనం పూర్తవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఈ వానాకాలమే నాటితే తొలి నమాజు నాటికి చెట్లు గోడంత ఎత్తుకు వస్తాయి. అందుకే తోట పని పునాది కన్నా ముందే మొదలవ్వాలంటున్నాను.

నాలుగోది సహన్. హాలుకు తూర్పున, భవనాలు మూడు వైపులా ఉండేలా సహన్ వదులుదాం. అందులో పొగడ చెట్లు నాటుదాం. అవి ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి, పూలు సువాసన వేస్తాయి. చెట్ల వరుసల మధ్య 16 అడుగులు ఉంచితే నాలుగు సఫ్‌లు పడతాయి. జుమాకూ ఈద్‌కూ హాలు నిండితే మిగిలినవారు షామియానా అద్దె లేకుండా నీడలో నిలబడతారు. మామూలు రోజుల్లో దవాఖానాకు వచ్చిన రోగులకు, వారి వెంట వచ్చిన వారికి అదే కూర్చునే చోటు. కుట్టు కేంద్రానికి వచ్చే మన చెల్లెళ్ళకు, పిల్లలతో వచ్చే తల్లులకు ఒక మూల గోడకు ఆనించి రాతి అరుగులు కట్టాలి. వెనక గోడ, పైన నీడ, ఎదురుగా పిల్లలు కనబడే చోటు ఉంటే వాళ్ళు నిశ్చింతగా కూర్చుంటారు.

అంచుల్లో ఉసిరి, జామ, నిమ్మ, సీతాఫలం, బస్తీ వైపు మునగ, కరివేపాకు పెడదాం. ఇనుప కంచెకు బదులు గోరింట కంచె వేద్దాం. తక్కువ నీటితో పెరుగుతుంది. ఈద్ ముందు రోజు బస్తీ ఆడపిల్లలంతా అక్కడికే వస్తారు. కోనోకార్పస్ మాత్రం వద్దు. త్వరగా పెరుగుతుందని అందరూ పెట్టారు గాని, దాని వేళ్ళు నీటి గొట్టాల్లో దూరుతున్నాయన్న ఫిర్యాదు చాలా చోట్ల వినబడుతోంది. మర్రి, రావి కూడా గోడల దగ్గర పనికిరావు.

మేస్త్రీలకు రెండు జాగ్రత్తలు. మన నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పునాదికి ఆనించి పూలపాదులు చేసి నీళ్ళు పోస్తే గోడలు నెర్రెలిస్తాయి. గోడ చుట్టూ నాలుగడుగులు గచ్చు వేసి, మొక్కలు ఆ అవతలే పెట్టాలి. రెండోది, పని మొదలయ్యే రోజునే పై మట్టి ఒక అడుగు తీసి ఒక మూల కుప్ప పోయాలి. సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు తోట స్థలంలో పూడ్చనివ్వకూడదు. పైకి చదునుగా కనబడుతుంది, మూడేళ్ళకు ఏ మొక్కా ఎదగదు. కైరో వాళ్ళు ఐదు వందల ఏళ్ళ చెత్తతో పడిన పాట్లు మనం చేతులారా తెచ్చుకోకూడదు. ఉన్న మూడు చెట్లకూ కొమ్మలు పరచుకున్నంత మేరా కంచె కట్టి, ఆ లోపల లారీ ఆపకుండా చూడాలి.

ముల్గీల సంగతి

చివరికి అందరి మనసులో ఉన్న విషయం చెబుతాను. రోడ్డు వెంట పన్నెండు ముల్గీలు కడితే లోపలేముందో బయటివారికి కనబడదు. గేటు సందులా ఉంటుంది. నా ప్రతిపాదన తొమ్మిది ముల్గీలు. మూడింటి జాగాను ద్వారంగా వదిలితే రోడ్డు మీద పోయేవాడికి చింత చెట్టు, సహన్ కనబడతాయి. బస్తీ వైపు కూడా ఒక చిన్న గేటు పెట్టాలి. ఇవాళ ఆ పిల్లలు ఆడుకుంటున్నది మన ఖాళీ స్థలంలోనే. మనం కట్టే గోడ వల్ల వాళ్ళ ఆట పోకూడదు.

మూడు ముల్గీల అద్దె పోతుందని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. వారి బాధలో న్యాయముంది. ఆ అద్దెతో నాలుగైదు వితంతు కుటుంబాలకు సాయం చేయవచ్చని ఒకరు నాతో అన్నారు. కాదనలేను. అయితే ఆ కుటుంబాల పిల్లలే ఆ బస్తీలో రేకుల ఇళ్ళలో మే నెల గడుపుతున్నారు. చల్లని నీడ, మంచినీరు, చదువుకోవడానికి ఒక అరుగు, ఇవి కూడా వారికి అందవలసిన సాయమే. అదీగాక జనం ఆగే చోట దుకాణాలకు గిరాకీ పెరుగుతుంది.

మన పెద్దలు వక్ఫ్ చేసినప్పుడు మూలం చెక్కుచెదరకుండా ఉంచి ఫలాన్ని పంచమన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమి విషయంలో పొందిన సలహా అదే. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని సొంత ధనంతో కొని అందరికీ వదిలేశారు. తోటకు మూలం ఏమిటి? దాన్ని చూసుకునే మనిషి. అందుకే తొమ్మిది ముల్గీల్లో రెండింటి అద్దెను తోట నిర్వహణకే అని వక్ఫ్ పత్రంలో రాయించాలని కోరుతున్నాను. ఇద్దరు మాలీల జీతం, సంపు శుభ్రం, ఎండిన మొక్క బదులు కొత్త మొక్క, అన్నీ అందులోంచే జరగాలి. వీలైతే ఆ మాలీలు బస్తీవారే కావాలి.

దాతలకు ఒక మాట. గది కట్టించి పేరు చెక్కించుకోవడంలో తప్పు లేదు. దాన్ని చూసి మరొకరు ముందుకొస్తారు. అయితే సంపుకు, వడపోతకు, మంచి మట్టికి, మాలీ జీతానికి ఫలకం పెట్టే చోటుండదు. ఇప్పటి అంచనాలో వాటికి ఒక్క రూపాయి కూడా లేనిది అందుకే. నిర్మాణానికి ఇచ్చే ప్రతి వంద రూపాయల్లో పది ఈ కనబడని పనులకని మీరే షరతు పెట్టండి. ఒక ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. నాటడం ఒక రోజు పని. అది కాపుకొచ్చేదాకా నీరు పోసేవారు కావాలి.

కొత్త పటం గీయడానికి నాకు నలభై రోజులు ఇవ్వండి. ఎండ, వాలు, బావి లోతు కొలిచి, భవనాలూ చెట్లూ నీటి దారులూ కలిపి ఒకే కాగితం మీద మీ ముందుంచుతాను. రుసుము అవసరం లేదు. అప్పటిదాకా చింత చెట్టు మీద గొడ్డలి పడకుండా, బావి మీద పలక పడకుండా ఈ సభ తీర్మానం చేయాలని ప్రార్థిస్తున్నాను.

అల్లాహ్ మన సంకల్పాలను సరిదిద్దుగాక, మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.